అమ్మ చేతిరుమాల్లో రొట్టె

ఆ బ్యాగులోనే ఉంది. నల్ల రెక్సిన్ బ్యాగు. జిప్పు సగం దాకే పడుతుంది, మిగతా సగానికి అమ్మ పిన్నీసు పెట్టుకుంది. అందులో చేతిరుమాలు, రుమాలు కొసన ముడి, ముడిలో గోరంత రొట్టెముక్క. నేను కళ్ళతో చూడలేదు. చూడక్కర్లేదు, ఇవాళ నెలలో మొదటి ఆదివారం కాబట్టి ఉండే తీరుతుంది. ఆ బ్యాగుని ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేసి, కిటికీలోంచి మంగినపూడి సముద్రాన్ని చూస్తోంది మా అమ్మ కృపావతి. లేత ఊదా రంగు చీర, కొత్తది, నేనే కొన్నాను. ఇవాళ్టితో ఆవిడకి అరవై నిండాయి. అందుకనే ఈ జపాన్ హోటలు, ఈ మేడమీద టేబులు, నెల రోజుల ముందు నుంచీ నేను చేసిన ఫోన్లు. "ఇరవై నిమిషాలు పడుతుందండీ దీవెన గారూ, మీకని విడిగా పెట్టిన మూకుడు నేనే మళ్ళీ ఓసారి కడుక్కుంటాను" అని చెప్పి వంటాయన బాబ్జీ లోపలికి వెళ్ళి రెండు నిమిషాలైంది. ఇంకా పద్దెనిమిది. ఈ పద్దెనిమిది నిమిషాలూ నేను ఆవిడ మొహంలోకి చూస్తూ మామూలుగా కూర్చోవాలి, ఏమీ తెలియనట్టు. నాలుగేళ్ళు ఆవిడ కూర్చోలేదూ నా ఎదురుగా, ఏమీ ఎరగనట్టు!

నాకు గోధుమ పడదు. పడదంటే ఏదో కడుపుబ్బరం కాదు. గోధుమలో గ్లూటెన్ అని ఒక జిగురు ఉంటుంది, అది రవ్వంత లోపలికి వెళ్ళినా నా ఒళ్ళే నా పేగుల్ని పాడుచేస్తుంది. విజయవాడ డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. మొదట్లో నేను నవ్వాను. కృష్ణ నీళ్ళతో వరి పండే చోట పుట్టినదాన్ని, మూడు పూటలా అన్నం తినగలదాన్ని, గోధుమ మానడం ఎంతసేపు? నా మొహం. గోధుమ లేనిదెక్కడ? సాంబార్లో వేసే పొడి ఇంగువలో మైదా. చేపముక్క కరకరలాడాలని హోటళ్ళలో పట్టించే పిండిలో మైదా. మా ఊరి పేరు పెట్టుకున్న బందరు హల్వా ఉందే, అది గోధుమ పాలతోనే చేస్తారు. చిన్నప్పుడు నెయ్యి మోచేతి దాకా కారేలా తిన్న హల్వా ఇప్పుడు నాకు విషం. శనివారం వస్తే హైదరాబాదు కార్లన్నీ ఈ బీచి రోడ్డు మీదే ఉంటాయి, అడుగడుక్కీ ఒక హోటలు వెలిసింది. గ్లూటెన్ లేని భోజనం దగ్గర్లో ఎక్కడుంది అని ఫోనులో వెతికితే మొట్టమొదట వచ్చింది ఒక బేకరీ. ఆ హోటళ్ళన్నీ ఒక్కొక్కటే ఎక్కి దిగాను. "గ్లూటెన్ లేకుండా ఏమన్నా దొరుకుతుందా అండీ" అంటే "అబ్బే, అలాంటివేం వెయ్యమండీ, అజినోమోటో కూడా వెయ్యం" అన్నాడొకాయన గుండె మీద చెయ్యేసుకుని. "చికెన్లో గోధుమెందుకుంటుందమ్మా" అని ఇంకొకాయన నవ్వాడు. ఆయన వెనకే ఒక మనిషి పరోటా పిండి చరుస్తున్నాడు, తెల్లటి పొడి లేచి చికెన్ మూకుడు మీద పడుతోంది. వాళ్ళ మీద నాకు కోపం రాలేదు. పాపం వాళ్ళకి తెలియదు, తెలియనివాళ్ళని ఏమనగలం?

అన్నీ తెలిసి వండిపెట్టే ఇల్లు నాకు ఒక్కటే ఉందనుకున్నాను. చిలకలపూడిలో అమ్మ ఇల్లు. నా జబ్బు పేరు తెలిసిన వారంలోనే అమ్మ గోధుమపిండి డబ్బా ఎత్తి పక్కింటి సత్యవతమ్మ గారికి ఇచ్చేసింది. అప్పడాల కర్ర అవతల పారేసింది. ఇంగువ సీసా పెంటకుప్ప మీదకి. స్టీలు కొట్టుకి వెళ్ళి ఒక కంచం, రెండు గిన్నెలు, ఒక గరిటె, ఒక గ్లాసు కొని, వాటి మీద దీవెన అని పేరు చెక్కించుకొచ్చింది. ఆ గ్లాసు నా ముందు పెడుతూ ఏడ్చింది. తోట్లవల్లూరు అవతల అమ్మ పుట్టిన ఊళ్ళో టీకొట్టు బయట మేకులకి మావాళ్ళ గ్లాసులు వేరేగా వేలాడేవట. తాతతో వెళ్తే అమ్మకి అందులోనే టీ. తాగి, కడిగి, మళ్ళీ మేకుకి తగిలించి రావాలి. "వేరే గ్లాసంటే ఏంటో నాకు తెలుసే. నా చేత్తో నా కూతురికే వేరే గ్లాసు కొనాల్సొచ్చింది చూడు" అంది. నేను ఆ గ్లాసెడు నీళ్ళూ గటగటా తాగి, "ఇది ఆ గ్లాసు కాదమ్మా, నన్ను బతికించే గ్లాసు" అన్నాను. అంత గొప్పగా మాట్లాడాను నేను! ఇద్దరం పట్టుకుని ఏడ్చాం కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండిపోతోంది.

"గాలి బాగుంది కదే" అంది అమ్మ. "ఊఁ" అన్నాను. కింద ఇసకలో గుర్రం మీద ఎక్కించి తిప్పేవాడు బేరం కోసం చూస్తున్నాడు. గాలి బాగుంది. గాలంటే గుర్తొచ్చింది, ఒక నెలంతా నేను గాలిని కూడా అనుమానించాను. మా కాపురం గుడివాడలో. నెలకోసారి, మొదటి ఆదివారం, పొద్దున్నే రైలెక్కి బందరు వస్తాను. చర్చిలో ఆరాధన, ఆ తరవాత అమ్మ ఇంట్లో భోజనం, సాయంత్రం తిరుగు రైలు. సోమవారం మధ్యాహ్నానికి కడుపులో మొదలయ్యేది. మంగళవారం మంచం దిగలేను. అమ్మకి ఫోను చేస్తే "రైల్లో ఏం తాగావే? ఆ దిక్కుమాలిన టీ తాగొద్దని నీకెన్నిసార్లు చెప్పాను?" అని కేకలేసేది. రైల్లో టీ మానేశాను. తరవాత నీళ్ళు మానేశాను. ఎవరి బిస్కెట్టు పొడి ఎగిరి నోట్లో పడుతుందోనని మాస్కు కట్టుకుని, పెట్టె తలుపు దగ్గర నిలబడి వచ్చాను. అలా నిలబడి వచ్చి, అమ్మ ఇంట్లో కూర్చుని, నా పేరున్న కంచంలో చేపల పులుసు పోసుకుని మారు అన్నం కలుపుకున్నాను. డాక్టరు రిపోర్టులు చూసి చూసి విసిగిపోయాడు. "మేడమ్, రక్తం అబద్ధం చెప్పదు. మీరెక్కడో తింటున్నారు" అన్నాడు, తాగుబోతుతో మాట్లాడినట్టు. మా ఆయన ఉదయ్ కిరణ్ మెతక మనిషి, గొంతెత్తి ఎరగడు. అలాంటి మనిషి నేను స్నానానికి వెళ్ళినప్పుడు నా బ్యాగు తీసి వెతికాడు. నేను చూశానని తెలిసి, "నిజం చెప్పు దీవెనా, నేనేమీ అనను, బయట ఏమన్నా తింటున్నావా?" అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్య మాటలు లెక్క పెట్టుకున్నట్టే ఉన్నాయి. ఇక మూడో నెలలో పోయిన బిడ్డ సంగతైతే మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. దానికీ దీనికీ సంబంధం ఉందని గట్టిగా చెప్పలేం, లేదనీ చెప్పలేం అన్నాడు డాక్టరు. ఆసుపత్రిలో నా మంచం పక్కన మోకాళ్ళ మీద పడి అమ్మ ఏడ్చిన ఏడుపుకి నర్సులు కూడా వచ్చి నిలబడ్డారు. ఆ ఏడుపు నిజమే. అదే నాకు మింగుడు పడటం లేదు. అది నిజమే, ఆ తరవాతి మొదటి ఆదివారం రుమాల్లో ముడి కూడా నిజమే.

ఆ ముడి సంగతి చెప్పింది క్రిస్టినా గారు, మా పాస్టరు గారి భార్య. గంటన్నర అయింది. మా చర్చిలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది, రొట్టె ముక్కల పళ్ళెం వరసలో చేతులు మారుతూ వస్తుంది, దాని వెనక ద్రాక్షరసం. ఆ రొట్టె గోధుమదే. జబ్బు తెలిసిన దగ్గర నుంచీ నేను పళ్ళెం పక్కవాళ్ళకి అందించేసి ద్రాక్షరసం మాత్రం పుచ్చుకుంటున్నాను. నా మట్టుకు ఒక ముక్క బియ్యప్పిండితో చేసి పెట్టమని అడిగాను కూడా. సంఘంలో ఒకరికో రొట్టె ఇంకొకరికో రొట్టె ఉండదమ్మా అన్నారు పెద్దలు. మావాళ్ళలో బల్ల మానేసిన మనిషంటే ఏదో పాపం దాచుకున్న మనిషే. పళ్ళెం నన్ను దాటి వెళ్ళిన ప్రతిసారీ వెనక వరసల్లో మెడలు సాగేవి. అమ్మ తల దించుకునేది. సిగ్గు పడుతోందనే అనుకున్నాను. ఇవాళ ఆరాధన అయ్యాక అమ్మ చెప్పులు వెతుక్కుంటుంటే క్రిస్టినా గారు నా చెయ్యి పట్టుకుని, "ఇప్పుడెలా ఉందమ్మా ఒంట్లో? మీ అమ్మ విశ్వాసం ఊరికే పోదులే" అన్నారు. ఏం విశ్వాసమండీ అన్నాను. "అదేంటి, నీకు చెప్పలేదా? స్త్రీల కూడికలో సాక్ష్యం చెప్పిందిగా! తన రొట్టెలో సగమే నోట్లో వేసుకుంటుందంట, సగం రుమాల్లో కట్టుకెళ్ళి నీ పులుసులో నలుపుతుందంట. నా బిడ్డ బల్లకి దూరమైతే బల్లనే నా బిడ్డ దగ్గరికి తీసుకెళ్తున్నానని చెప్పింది. నాలుగేళ్ళలో ఒక్క నెల తప్పలేదంట. మేమంతా ఏడ్చేశామమ్మా" అన్నారు. ఆవిడ కళ్ళు అప్పుడు కూడా చెమర్చాయి. కూడికలో ముప్పై మంది ఆడవాళ్ళుంటారు. నా కడుపులో ఏం పడుతోందో నాకు తప్ప ఆ ముప్పై మందికీ తెలుసు.

అక్కడే అడిగెయ్యాల్సింది. చర్చి మెట్ల మీద, అందరూ చూస్తుండగా, ఏమమ్మా ఇదంతా నిజమేనా అని. ఆటో ఎక్కాం. దారి పొడవునా అమ్మ కబుర్లే. "పచ్చి చేప తింటారంట కదే జపానోళ్ళు? నాకు మాత్రం వేయించి పెట్టమను బాబూ." నేను నవ్వాను కూడా, సిగ్గు లేకుండా. నవ్వుతూనే లోపల లెక్క కడుతున్నాను: ఎప్పుడు కలుపుతుంది? నా గిన్నెలు నేనే దింపుకుంటాను, నా గరిటెతో నేనే వడ్డించుకుంటాను, కంచం నా కళ్ళ ముందే ఉంటుంది. మరి ఎప్పుడు? ఉప్పుకొఠార్ల మలుపు దగ్గర ఆటో గతుకులో పడింది, అప్పుడు తట్టింది. ప్రార్థన! భోజనం ముందు ప్రార్థన అమ్మే చేస్తుంది, కాస్త పొడుగ్గా చేస్తుంది, ఆ కాసేపూ నేను కళ్ళు మూసుకుంటాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మూసుకుంటూనే ఉన్నాను. మూసుకోకపోతే మొట్టికాయ వేసి నేర్పింది ఆవిడే. ఇరవై ఏళ్ళు రోల్డ్‌గోల్డు గాజులకి రాళ్ళు అతికిన వేళ్ళవి, ఆవగింజంత రాయిని కూడా గురి తప్పకుండా పెడతాయి. ఓ రొట్టె నలక ఏపాటి?

నిలదీస్తే ఏమంటుందో నాకు తెలుసు. ప్రార్థన చేసి విరిచాక అది గోధుమెలా అవుతుందే, ప్రభువు నీకు విషమెలా అవుతాడే, అంటుంది. మనసారా అంటుంది. దాన్నయినా నేను ఓర్చుకుందును. తెలివితక్కువ నమ్మకం, అమ్మ ప్రేమ, ఏదో ఒక పేరు పెట్టుకుని ఊరుకుందును. కానీ అంత నమ్మకం ఉన్నదానివి, రైలు మీదకి ఎందుకు తోశావమ్మా? నేను మెలికలు తిరుగుతుంటే టీ అన్నావే, నీళ్ళన్నావే, ఉదయ్ నీ ముందే నన్ను అనుమానిస్తుంటే "దీనికి చిన్నప్పటి నుంచీ నోరు కట్టుకోవడం చేతకాదు నాయనా" అన్నావే! ఆ మాట నేను మర్చిపోలేదు. నమ్మిన మనిషి దాచదు. దాచిందంటే ఏదో ఓ మూల తెలుసన్నమాట. తెలిసీ పెట్టింది.

బాబ్జీ వచ్చాడు. గిలకలదిండి మనిషి, వాళ్ళది వేటకెళ్ళే కుటుంబం. తను మాత్రం తొమ్మిదేళ్ళు సింగపూర్లో జపాన్ వంటింట్లో పనిచేసొచ్చి ఇక్కడ చేరాడు. ఈ హోటలు బోర్డు మీద గొడుగు పట్టుకున్న జపాను బొమ్మ ఉంటే ఇదీ వేషమే అనుకున్నాను మొదట. మెనూలో సగం చిల్లీ చికెనే. అయినా ఆశ చావక ఫోను చేశాను. అన్నం, చేప, సముద్రపు నాచు తినేవాళ్ళ వంట కదా, నాకు సరిపోవాలి కదా అని. అవతల నుంచి అడగకుండానే చెప్పాడు, "సోయా సాసులో గోధుమ ఉంటుందండీ, చాలామందికి తెలీదు. మీకు వేరే రకం తెప్పిస్తాను, వారం టైమివ్వండి" అని. ఫోను పట్టుకుని ఏడుపొచ్చేసింది నాకు. సింగపూర్లో ఆ హోటలుకి ఒక చిన్నపిల్ల వచ్చేదట నాలాంటిదే, ఆ పిల్ల వచ్చిందంటే యజమాని మూడుసార్లు చేతులు కడిగించేవాడట. ఇప్పుడు ఆ సాసు సీసా తెచ్చి నా ముందు పెట్టాడు, లేబులు నా వైపు తిప్పి. "మీరే చదువుకోండి. నేను చెప్పానని నమ్మకండి" అన్నాడు. చదివాను. సోయా, ఉప్పు, నీళ్ళు. "పచ్చి చేప పెట్టవు కదా నాయనా" అంది అమ్మ. "బందరోళ్ళకి పచ్చి చేప పెడితే నన్ను పచ్చిగా తింటారమ్మగారూ" అన్నాడు, అమ్మ పకపకా నవ్వింది. ఎంత బాగా నవ్వుతుందో మా అమ్మ. ముక్కూ మొహం తెలియని వంటాయన నన్ను నమ్మొద్దంటూ సీసా చేతికిస్తున్నాడు. నవమాసాలు మోసినావిడ బ్యాగు మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు.

ఒకవేళ ఇవాళ కలపకపోతే? ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో వచ్చింది. పుట్టినరోజు కదా, బయట హోటలు కదా, పోనీ క్రిస్టినా గారు గోరంతలు కొండంతలు చేశారేమో. కలపకపోతే చాలు దేవా, నేనేమీ అడగను, ఈ గంటన్నర నా బతుకులో లేదనుకుంటాను, వచ్చే నెల మళ్ళీ రైలెక్కి వచ్చి ఆవిడ వండిన పులుసే తింటాను. అమ్మ చేతి అన్నం లేకుండా బతకడం నాకు రాదు. నాకు ముప్పై నాలుగేళ్ళు, అయినా రాదు.

గిన్నెలు వచ్చాయి. అన్నం మీద వేయించిన చేపముక్క, పక్కన నాచు వేసిన వేడి వేడి చారు. సోయా, బియ్యం కలిపి పులియబెట్టిన ముద్దతో కాచిన చారు అట అది, తేటగా, లేత గోధుమరంగులో. నాకొకటి, అమ్మకొకటి. రెండూ ఒకేలా ఉన్నాయి, ఇవాళ ఇద్దరం ఒకే తిండి తినాలని నేనే అలా చెప్పించాను. "ప్రార్థన చేసుకుందాం" అంది అమ్మ. నేను తల వంచాను. కళ్ళు మాత్రం మూయలేదు. "పరలోకమందున్న తండ్రీ, నీకు స్తోత్రం" అని మొదలుపెట్టింది, ఎప్పటి గొంతే, తీయటి గొంతు. జుట్టు మొహం మీద పడేలా వంగి చూస్తున్నాను. పిన్నీసు ఊడింది. రుమాలు ఒళ్ళో పరుచుకుంది. ముడి విప్పిన చప్పుడు కూడా లేదు. "ఈ ఆహారాన్ని నీ చేత్తో ముట్టు తండ్రీ, నా బిడ్డ ఒంట్లో ఉన్న రోగాన్ని..." చెయ్యి టేబులు మీదుగా వచ్చింది. బొటనవేలూ చూపుడువేలూ నా చారు మీద ఆగి, ఒకదాన్నొకటి రుద్దుకున్నాయి. తెల్లటి నలకలు పడ్డాయి, తేలాయి, తడిసి మునిగాయి. ఒక్కటీ బయట పడలేదు. నేను తలెత్తాను. అమ్మ కళ్ళు తెరిచే ఉన్నాయి. ఉండవూ మరి, గురి చూసుకోవద్దూ! ఇన్నేళ్ళూ ఆ బల్ల దగ్గర కళ్ళు మూసుకుంది నేనొక్కదాన్నే.

ఆవిడ గొంతు "రోగాన్ని" దగ్గరే ఆగిపోయింది. చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. "దీవెనా" అంది. "ఒక్క గుటక తాగవే. నా మాట విను. ఒక్క గుటక." నేను బాబ్జీని పిలిచాను. "ఈ గిన్నె తీసెయ్యండి. ఇందులో గోధుమ పడింది" అన్నాను. గోధుమ అన్న మాటకి అమ్మ మొహం పాలిపోయింది. బాబ్జీ అయ్యో అని గిన్నె అందుకున్నాడు, తీసుకెళ్ళి ప్రభువు రొట్టెని తొట్లో ఒంపేస్తాడు కదా. అమ్మ లేచి అతని చేతిలోంచి లాక్కుంది. రెండు చేతులా పట్టుకుని, పొగలు కక్కుతున్న ఆ చారుని నిలబడే తాగడం మొదలుపెట్టింది, ఆపకుండా, ఊపిరి తీసుకోకుండా, కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నా. చివరికి గిన్నె అడుగున వేలు పెట్టి తుడిచి ఆ వేలు నోట్లో పెట్టుకుంది. అమ్మా మెల్లిగా, నాలిక కాలుతుంది అని నా నోటి దాకా వచ్చింది. అనలేదు.

"అమ్మగారికి నచ్చిందాండీ?" అన్నాడు బాబ్జీ, ఖాళీ గిన్నె అందుకుంటూ. "నాకు ఇంకొకటి చెయ్యండి, అన్నం కూడా మార్చండి. ఈ టేబులు మీద వద్దు, ఆ పక్క దాని మీద పెట్టండి" అన్నాను. నా బ్యాగు తీసుకుని లేచి వెళ్ళి, విడిగా, గోడ వారన కూర్చున్నాను. అమ్మ అక్కడే నిలబడి నన్ను, నా ముందున్న ఖాళీ టేబుల్ని, దాని మీద బాబ్జీ విడిగా తెచ్చి పెట్టిన గ్లాసుని చూసింది. వేరే గ్లాసంటే ఏంటో ఆవిడకి తెలుసు. చాలాసేపటికి కూర్చుంది, రుమాలుతో మూతి తుడుచుకుంది. కొత్త గిన్నె వచ్చింది. కళ్ళు మూసుకోకుండానే తినడం మొదలుపెట్టాను.